జేబుల్లేని కోటు

"ఆ ఉప్పు ఇటివ్వమని చెప్పు," అన్నాడు టాప్.

ఇవ్వాల్సిన మనిషి బల్లకి అవతలి వైపే కూర్చుంది. చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా ఆయన కొడుకు మొహమే చూస్తూ అన్నాడు.

టెరెల్ తండ్రి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. "మాక్స్, డాడీకి ఉప్పు కావాలట."

మాక్సీన్ ఉప్పు డబ్బా ముందుకు జరిపింది. "ఆకుకూరలో సరిపడా వేశానని చెప్పు. డాక్టరు ఏం చెప్పాడో కూడా ఓసారి గుర్తు చెయ్యి."

"డాడీ, డాక్టరు..."

"విన్నాను. నాకు పోయింది మోకాలు. చెవులు కాదు."

ఆదివారం మధ్యాహ్నం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఇవాళ బుధవారం. మూడు రోజులుగా మామా కోడళ్ళ మధ్య టెరెల్ టపా బంట్రోతు పని చేస్తున్నాడు. పొద్దున్నే వెళ్ళి బార్బర్ షాపులో ముప్పై తలలు గొరిగి రావడమే నయంగా ఉంది అతనికి. అక్కడ కనీసం ఒక తలకి సంబంధించిన మాట ఇంకో తలకి మోయక్కర్లేదు.

రేపు తొమ్మిదింటికి మాక్సీన్ ప్రమోషన్ బోర్డు ముందు నిలబడాలి. నెగ్గితే స్పెషలిస్టు గేథర్ పేరు సార్జెంట్ల జాబితాకి ఎక్కుతుంది. నెగ్గకపోతే నవంబరులో ఇంటికే. ఎనిమిదేళ్ళు నిండేలోగా ఆ జాబితాలో పేరు లేని స్పెషలిస్టుని ఆర్మీ ఉంచుకోదు. ఆమెకి ఏడేళ్ళ పది నెలలు అయిపోయాయి. లారీల కింద దూరి నూనె చేతులతో చేసిన పనంతా ఆ అరగంటలో తేలిపోతుంది.

ఇలాంటప్పుడు ఈ మౌనవ్రతం.

లూషస్ గేథర్‌ని లూషస్ అని పిలిచిన మనిషి ఆయన భార్య ఎర్లీన్ ఒక్కతే. ఆవిడ పోయి రెండేళ్ళయింది. మిగతా అందరికీ ఆయన టాప్. కంపెనీ అనే సైనిక దళానికి పెద్దదిక్కులా ఉండే ఫస్ట్ సార్జెంటుని సైనికులు అలాగే పిలుస్తారు. ఆయన రిటైరై పద్దెనిమిదేళ్ళయినా పిలుపు మాత్రం రిటైర్ కాలేదు. చర్చిలో పాస్టర్‌కి టాప్, మందుల షాపులో పిల్లకి టాప్, కోడలికీ టాపే.

ఆదివారం చర్చి అయ్యాక భోజనాల దగ్గర, చేతిలో కోడివేపుడు పళ్ళెం పెట్టుకుని, నలుగురు పెద్దమనుషులకి చెప్తున్నాడాయన. "కిందటి బోర్డుకి మా కోడల్ని నేనే దగ్గరుండి చదివించాను. ఫిబ్రవరిలో ఎందుకో బెదిరింది పిల్ల. ఈసారి చూడండి."

వెనకాలే మాక్సీన్ నిలబడి ఉంది. ఏడు నెలలు కడుపులో దాచుకున్న మాట ఆ క్షణాన నోరు జారింది.

"బెదరలేదు టాప్. మీరు నేర్పిన జవాబే చెప్పాను. అందుకే పోయింది."

నలుగురూ ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకున్నారు. టాప్ పళ్ళెం కింద పెట్టి, మెల్లగా నడిచి వెళ్ళి కార్లో కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, ఆయన రోజుల నాటి ప్రశ్నల చీటీల కట్టని రబ్బరు బ్యాండు వేసి ఎక్కడో పెట్టేశాడు. అంతే. కోడలితో మాట బందు.

బల్ల దగ్గర టెరెల్ ఇంకోసారి ప్రయత్నించాడు. "రేపు ఎన్నింటికి బయల్దేరతారు? నన్ను దింపమంటారా?"

"నేను దింపుతాను," అన్నాడు టాప్, మొక్కజొన్న రొట్టె తుంచుతూ. "ఏడున్నరకి కారు దగ్గర ఉండాలి. చెప్పు."

టెరెల్ చెప్పలేదు. మాక్సీన్ "సరే" అని కూడా అనలేదు. కానీ ఆమె భుజాలు కొంచెం కిందికి దిగడం టెరెల్ చూశాడు.

*

గిన్నెలు తీసేశాక మొగుడూ పెళ్ళాం అదే బల్ల మీద కొత్త చీటీలు పరిచారు. ఇవి మాక్సీన్ పైఅధికారి సార్జెంట్ ప్రూయిట్ ఇచ్చినవి. ముందు గదిలో టాప్ బేస్‌బాల్ ఆట పెట్టుకున్నాడు. శబ్దం పూర్తిగా తగ్గించి.

"శబ్దం లేకుండా ఆటేంటి?" అని గొణిగాడు టెరెల్.

"వినడానికి. మనల్ని."

"ఓహో." టెరెల్ గొంతు పెంచాడు. "జెండా స్తంభం కొసన గుండ్రంగా బంతి ఉంటుంది. దాని పేరేంటి?"

మాక్సీన్ కళ్ళు మూసుకుంది. నిన్న కూడా చదివింది. నాలిక చివరే ఉంది, రావడం లేదు.

ముందు గదిలోంచి ఒక దగ్గు. తర్వాత ఇంకోటి. తర్వాత టాప్ టీవీతో మాట్లాడసాగాడు. "ఆ ట్రక్కు పక్కకి తియ్యండయ్యా. ఆట కనపడ్డం లేదు."

"ట్రక్," అంది మాక్సీన్. "దాన్ని ట్రక్ అంటారు."

"డాడీ, బేస్‌బాల్ ఆటలోకి ట్రక్కెందుకొచ్చింది?"

"దారి తప్పి," అన్నాడు టాప్.

మాక్సీన్ చీటీ అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. మూడు రోజుల్లో మొదటిసారి. టెరెల్ ఉత్సాహంగా ఇంకో చీటీ తీశాడు. తీసి, చదవబోయి, ఆగాడు.

"చదువు," అంది ఆమె.

"సైనికుడి తొడకి గాయమైంది. రక్తం చిమ్ముతోంది. బిగింపు పట్టీ ఎప్పుడు కడతావు?"

ఇదే ఆ ప్రశ్న. ఫిబ్రవరి ప్రశ్న. టాప్ రోజుల్లో పట్టీ కట్టడమంటే కాలు వదులుకోవడమే. అన్నీ చేసి చూశాక, వేరే దారి లేకపోతేనే కట్టాలని ఆయనకి నేర్పారు. ఇప్పుడు ఆర్మీ ముందు అదే కట్టమంటుంది.

"ముందే కడతాను. అన్నిటికన్నా ముందు," అంది మాక్సీన్ నెమ్మదిగా.

ముందు గదిలోంచి దగ్గు రాలేదు. కుర్చీ కిర్రుమంది. టాప్ లేచాడు. మోకాలు పట్టుకుని నడుచుకుంటూ వంటగది మీదుగానే వెళ్ళాడు. వాళ్ళిద్దరి వంకా చూడకుండా, గది తలుపుకి తగిలించి ఉన్న మాక్సీన్ నీలం యూనిఫాం కోటు హ్యాంగరుతో సహా తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"నీ కోటు పట్టుకుపోయాడు," అన్నాడు టెరెల్.

"చూశాను."

"అడగనా?"

"వద్దు. ఊరుకో."

తలుపు కింది నుంచి ఇత్తడి పాలిష్ వాసన వచ్చింది. టెరెల్ చీటీ పక్కన పెట్టి ఆ వాసన పీల్చాడు. చిన్నప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లో ఉండే వాసన అది. "అమ్మ పోయాక ఆ డబ్బా మూత తియ్యడం ఇదే," అన్నాడు. ఇద్దరూ చీటీలు చేత్తో పట్టుకుని, చదవకుండా, గంటన్నర కూర్చున్నారు.

తలుపు తెరుచుకునేసరికి బయట చీకటి పడింది. టాప్ కోటుని రెండు చేతులతో, నిద్రపోతున్న పసిపిల్లని మోసినట్టు మోసుకొచ్చి తలుపుకి తగిలించాడు. ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"పొద్దుటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు. టెరెల్‌తో కాదు. నేరుగా ఆమెతో.

"అలాగే టాప్."

ఆయన తల ఊపి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

మాక్సీన్ దగ్గరికెళ్ళి చూసింది. గుండీల్లో ఆమె మొహం కనపడుతోంది. ఎక్కడా దూది పోగు లేదు. కుట్ల దగ్గర లేచిన దారపు కొసలన్నీ లైటరుతో కాల్చి నున్నగా చేశాడు. పతకాల రిబ్బన్లు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఆమె కళ్ళు ఎడమ నుంచి కుడికి వెళ్ళి, పేరు బిళ్ళ దగ్గర ఆగిపోయాయి.

ముట్టుకోకుండా, వేలు గాలిలోనే పెట్టి ఎడం కొలిచింది.

"ఎంత బాగా చేశాడో చూడు," అన్నాడు టెరెల్ వెనక నుంచి.

"గదిలోకి రా."

"ఏమైంది?"

"రా చెప్తాను."

తలుపు దగ్గరగా వేసి, గుసగుసగా చెప్పింది. మగవాళ్ళ కోటుకి రొమ్ము మీద రెండు జేబులుంటాయి. రిబ్బన్లు ఎడమ జేబుకి పైన, పేరు బిళ్ళ కుడి జేబు మూత మీద. అందుకని బిళ్ళ కొంచెం కిందికి ఉంటుంది. ఆడవాళ్ళ కోటుకి ఆ జేబులే లేవు. బిళ్ళ అడుగు అంచూ, రిబ్బన్ల అడుగు అంచూ ఒకే గీత మీద ఉండాలి. టాప్ తన పాత కోటు పక్కన పరుచుకుని, దాని కొలతలు దీనికి దింపాడు. ఇరవై రెండేళ్ళు కాల్బలంలో చేశాడు. ఆయన కంపెనీలో ఒక్క ఆడమనిషి లేదు. ఎన్ని వందల కోట్లు సరిచేశాడో, అన్నీ జేబులున్నవే.

"ఎంత కిందికుంది?"

"అంగుళం పైనే."

"అంతేనా. రేపు కార్లో మార్చుకో. ఆయనకి చెప్పకు."

"కారు నడిపేది ఆయన. గుమ్మం దాకా వస్తాడు. మనుషుల్ని బోర్డులకి పంపిన మనిషి, నన్ను తల నుంచి పాదం దాకా ఇంకోసారి చూడకుండా లోపలికి పంపుతాడా?"

"అయితే అలాగే వెళ్ళు. అంగుళానికి కొంప మునుగుతుందా?"

"వాళ్ళు స్కేలు పట్టుకుని కూర్చుంటారు టెరెల్. నువ్వు ఒకవైపు చెవి మీద అంగుళం ఎక్కువ గొరిగి పంపుతావా?"

టెరెల్ మంచం మీద కూలబడ్డాడు. "మూడు రోజుల తర్వాత నోరు విప్పాడు. ఆ మనిషి గంటన్నర కూర్చుని చేశాడు. అది క్షమాపణ మాక్స్. మా డాడీకి అంతకన్నా చేతకాదు. నువ్వెళ్ళి అది కూడా తప్పే అంటే ఇంకేం మిగులుతుంది ఆయనకి?"

"నాకేం మిగులుతుంది?"

"అది కాదు నేననేది."

"ఫిబ్రవరిలో ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "ఆ పట్టీ జవాబు పాతదని నాకు ముందే తెలుసు. చేరిన కొత్తలోనే నేర్పారు మాకు. ఆయనకి చెప్తే చిన్నబుచ్చుకుంటాడని, ఆయన చెప్పినట్టే రెండు నెలలు వల్లించాను. బోర్డులో కూర్చున్నాక నోటికి అదే వచ్చింది. తప్పు ఆయనదని చర్చిలో అందరి ముందూ అన్నాను. సగం నాది."

టెరెల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏం చెయ్యమంటావని ఆమె అడగలేదు. ఏం చెయ్యాలో అతను చెప్పలేదు.

*

ఆరున్నరకే టాప్ టై కట్టుకుని వంటగదిలో ఉన్నాడు. పొయ్యి మీద గ్రిట్స్, మొక్కజొన్న రవ్వ జావ, ఉడుకుతోంది. మాక్సీన్ ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని, కోటు హ్యాంగరుతో పట్టుకుని వచ్చింది. రెండో చేతిలో నియమాల పుస్తకం.

"టాప్."

"తిని వేసుకో. మీద పడుతుంది."

"టాప్, పేరు బిళ్ళ తప్పు చోట ఉంది."

గరిటె తిరగడం ఆగింది. గ్రిట్స్ రెండు బుడగలు పేల్చి ఊరుకుంది. టెరెల్ గడ్డానికి సబ్బు నురగతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేను పెట్టానది," అన్నాడు టాప్.

"అవునండీ."

"స్కేలుతో కొలిచి పెట్టాను."

"అవునండీ. మగవాళ్ళ కోటు కొలత అది."

ఆయన పొయ్యి ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. ఆమె పుస్తకం తెరిచి ముందు పెట్టబోతే చూడలేదు. "కళ్ళజోడు లేదు. చదువు."

ఆమె చదివింది. ఆయన ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివింది. అప్పుడు కోటు దగ్గరికొచ్చి, కుడి రొమ్ము మీద గుడ్డని మూడు వేళ్ళతో తడిమాడు. ఏదో దొరకాల్సింది దొరకనట్టు ఇంకోసారి తడిమాడు.

"దీనికి జేబులు లేవు."

"లేవు టాప్."

"రాత్రి గంటన్నర నా ఒళ్ళో ఉంది ఈ కోటు." ఆయన గొంతులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. "జేబు ఉండాల్సిన చోటు చూశాను. జేబు చూడలేదు."

టెరెల్ గడ్డం మీది నురగ చొక్కా మీద కారింది.

టాప్ కోటు బల్ల మీద పరిచాడు. కళ్ళజోడు జేబులోనే ఉంది. తీసి పెట్టుకున్నాడు. "స్కేలేది?" టెరెల్ పరిగెత్తి తెచ్చాడు. బిళ్ళ ఊడదీసి, పైకి జరిపి పట్టుకుని, తల ఎత్తకుండా అడిగాడు.

"ఇక్కడా?"

"ఇంకొంచెం పైకి."

"ఇప్పుడు?"

"వెంట్రుకవాసి కిందికి. ఆఁ. అక్కడ."

ఇరవై రెండేళ్ళు ఇంకొకళ్ళకి 'పైకి, కిందికి' అని చెప్పిన మనిషి, వంగి నిలబడి, కోడలు చెప్పినచోట పిన్ను గుచ్చాడు. నిటారుగా అయ్యాడు. పాత చోట రెండు సూది చిల్లులు మిగిలాయి. వేలిగోరుతో రుద్దాడు. పూర్తిగా పోలేదు.

"ఏడున్నర," అని, తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

గ్రిట్స్ ఎవరూ తినలేదు. దారి పొడవునా పైన్ చెట్లు వెనక్కి పోతున్నాయి. టాప్ రేడియో పెట్టలేదు. మాట్లాడలేదు. ఒకే ఒక్కసారి, ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు, కారు ఏసీ తన వైపు తిప్పుకున్నది ఆమె వైపు తిప్పాడు. బోర్డు భవనం ముందు దింపి, గుమ్మం దాకా రాకుండా, కార్లోనే ఉండిపోయాడు. ఆయన వస్తాడేమోనని రాత్రంతా భయపడ్డ మాక్సీన్‌కి, రానందుకు ఇప్పుడు వెలితిగా అనిపించింది.

*

వసారాలో సార్జెంట్ ప్రూయిట్ ఎదురుచూస్తోంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. బోర్డులో మాక్సీన్ తరఫున నిలబడి మాట్లాడవలసింది ఆమే. చేతిలో గుడ్డ ముక్క. "ఎడమ కాలెత్తు," అని గుర్రానికి లాడం చూసినట్టు బూటు అడుగు తుడిచింది. "కుడి కాలు. గేథర్, తిన్నావా?"

"లేదు సార్జెంట్."

"మంచిది. వాంతి కావడానికేం లేదు. తెలియకపోతే ఏమనాలి?"

"తెలియదనాలి."

"ఊహించి చెప్పావంటే బయటికొచ్చాక నేనే చంపుతాను. పద."

తలుపు ఒక్కసారే కొట్టాలి, గట్టిగా. కొట్టింది. లోపలికి రమ్మన్నారు. పొడవాటి బల్ల వెనక నలుగురు ఫస్ట్ సార్జెంట్లు, నడుమ సార్జెంట్ మేజర్ హాస్కిన్స్. ఫిబ్రవరిలోనూ ఈయనే. గోధుమరంగు గుండు, చదునైన చూపు. మాక్సీన్ నడిచి వెళ్ళి ఆగి, సెల్యూట్ చేసి, పేరు చెప్పుకుంది.

ఆయన లేచి ఆమె చుట్టూ తిరిగాడు. వెనక స్కేలు తీసిన చప్పుడు. ముందుకొచ్చి రిబ్బన్ల దగ్గర పెట్టాడు. పేరు బిళ్ళ దగ్గర పెట్టాడు. వంగి, బిళ్ళకి కొంచెం కిందగా, చాలాసేపు చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళి కూర్చుని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

చిల్లులు. చూశాడు.

తర్వాత ప్రశ్నలు వరసగా వచ్చాయి. తుపాకీ గురించి, దిక్సూచి గురించి, కింది సైనికుడు పనికి ఆలస్యంగా వస్తుంటే ఏం చేస్తావని. ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయింది. ప్రతి జవాబుకీ వాళ్ళ హోదా చేర్చి చెప్పాలి. అది కూడా మర్చిపోలేదు. చివరలో కూర్చున్న ఫస్ట్ సార్జెంటు అడిగాడు. "ఎర్రజెండా ఎగరేసేంత ఎండ. మీ వాళ్ళు చేసేది బరువు పని. గంటకి ఎన్ని నిమిషాలు పని, ఎన్ని నిమిషాలు విశ్రాంతి?"

నలభై, ఇరవై అని నోటిదాకా వచ్చింది. ముప్పై, ముప్పై కూడా వచ్చింది. మాక్సీన్ రెంటినీ మింగేసింది.

"ఫస్ట్ సార్జెంట్, ఇప్పుడు నాకు జవాబు తెలియదు, ఫస్ట్ సార్జెంట్. కనుక్కుని చెప్తాను."

ఆయన గీత కొట్టుకున్నాడు. అది మంచి గీతో చెడ్డ గీతో తెలియలేదు.

సార్జెంట్ మేజర్ కాగితం తిప్పాడు. "చివరిగా నాది. నీ పేరు బిళ్ళ కింద రెండు చిల్లులున్నాయి. ఎందుకు?"

పక్కన ప్రూయిట్ బూటు కిర్రుమంది.

"బిళ్ళ ముందు అక్కడ ఉంది, సార్జెంట్ మేజర్. తప్పు చోటు. ఇవాళ పొద్దున మార్చాం, సార్జెంట్ మేజర్."

"తప్పు చోట ఎవరు పెట్టారు?"

"మా మామగారు, సార్జెంట్ మేజర్. ఫస్ట్ సార్జెంటుగా రిటైరయ్యారు. కాల్బలం."

నాలుగు కలాలూ ఆగాయి.

"సరిచేసింది ఎవరు?"

"ఆయనే, సార్జెంట్ మేజర్. తప్పని నేను చెప్పాను."

"ఫస్ట్ సార్జెంటుకి చెప్పావు."

"అవును, సార్జెంట్ మేజర్."

"ఏమన్నాడు?"

"నియమం చదవమన్నారు. చదివాను. దిద్దారు, సార్జెంట్ మేజర్."

"అంతేనా?"

"అంతే, సార్జెంట్ మేజర్. ఆయన నాతో సరిగ్గా మాట్లాడక నాలుగు రోజులైంది."

చివరలో కూర్చున్నాయన చేత్తో మూతి కప్పుకున్నాడు. సార్జెంట్ మేజర్ మొహం మాత్రం కదల్లేదు. "బిళ్ళ గురించా?"

"కాదు, సార్జెంట్ మేజర్. ఫిబ్రవరి గురించి. ఇక్కడ నేను చెప్పిన జవాబు గురించి."

"బిగింపు పట్టీ."

ఆయనకి గుర్తుంది. "అవును, సార్జెంట్ మేజర్."

"ఇప్పుడడిగితే?"

"ముందే కడతాను, సార్జెంట్ మేజర్. అప్పుడు కూడా నాకు తెలుసు. తెలిసిందాన్ని ఇంట్లో చెప్పలేకపోయాను."

ఆయన కాగితం బోర్లా పెట్టాడు. "బయట ఉండు, గేథర్."

*

పావుగంట తర్వాత ప్రూయిట్ బయటికొచ్చింది. మొహంలో ఏమీ లేదు. తలుపు వేసి, రెండు చేతులూ మాక్సీన్ భుజాల మీద వేసి అంది. "ఐదుకి ఐదు."

మాక్సీన్‌కి వెంటనే అర్థం కాలేదు.

"ఐదుగురూ సిఫారసు చేశారు పిచ్చిదానా. జాబితాకి ఎక్కావు."

ఆమె గోడకి ఆనుకుంది. కోటు నలుగుతుందని గుర్తొచ్చి మళ్ళీ నిలబడింది. ప్రూయిట్ నవ్వేసింది. తర్వాత ఆ నవ్వు కొంచెం తగ్గించి, మడిచిన కాగితం ఒకటి ఇచ్చింది. "ఇది కూడా ఉంది. ఉద్యోగం పొడిగించుకునేవాళ్ళ చేత తిరిగి సంతకాలు పెట్టించే ఆఫీసు నుంచి పొద్దున్నే వచ్చింది. బోర్డు అయ్యేదాకా నీకివ్వలేదు. ఇప్పుడు నువ్వు మళ్ళీ సంతకం పెట్టొచ్చు. కానీ మన పనికి ఖాళీ ఉన్నది ఒకటే చోట."

మాక్సీన్ విప్పి చదివింది. అలాస్కా. సోమవారం లోపు చెప్పాలి.

"ఇక్కడేమీ..."

"అడిగాను. రెండుసార్లు అడిగాను." ప్రూయిట్ గుడ్డ ముక్క జేబులో పెట్టుకుంది. "ఇవాల్టికి సంతోషంగా ఉండు. చాలా బాగా చెప్పావు."

బయట ఎండ కాస్తోంది. టాప్ కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఒంటి బరువు మంచి కాలి మీద వేసి. ఆమె దగ్గరికి వచ్చేదాకా చూశాడు. నెగ్గావా అని అడగలేదు.

"ఏ ప్రశ్న పోయింది?" అన్నాడు.

అదీ ఆయన పలకరింపు. మాక్సీన్‌కి ఆ ప్రశ్న వెతుక్కోనక్కర్లేదు. "ఎర్రజెండా ఎండలో బరువు పనికి ఎంతసేపు విశ్రాంతని అడిగారు. తెలియదన్నాను."

"జార్జియాలో బతుకుతూ ఎండ గురించి తెలియదన్నావా?"

"మీకు తెలుసా?"

ఆయన ఆలోచించాడు. "మా రోజుల్లో ఎవడైనా కింద పడితే చెట్టు కిందికి లాగేవాళ్ళం." ఒక్క క్షణం ఆగాడు. "అదిప్పుడు చెల్లదనుకుంటాను."

"చెల్లదు టాప్."

"ఊఁ." ఆయన మీసం కదిలింది. "ఎంతమంది?"

"ఐదుకి ఐదు."

ఆయన చెయ్యి చాపాడు. కోడలికి కాదు, సార్జెంటుకి చాపినట్టు. ఆమె పట్టుకుంది. వదలకుండా అన్నాడు. "ఆదివారం నేను కార్లో కూర్చున్నప్పుడు, నీ మీద కోపం వచ్చిందనుకున్నావు కదా. లెక్క వేసుకుంటున్నాను. ఆ జవాబు నేను ఎంతమందికి నేర్పానా అని."

"అప్పటికి అదే నిజం టాప్."

"అప్పటికి," అన్నాడాయన. చాలాసేపటికి చెయ్యి వదిలాడు. "ఇంకేమైనా అన్నారా?"

ఇంటికెళ్ళాక చెప్తానని అనబోయింది. ఆయన మొహం నాలుగు రోజుల తర్వాత ఇప్పుడే తేటపడింది. అయినా కాగితం తీసి చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మడతలు చెదరకుండా మళ్ళీ మడిచాడు.

"ఇది ముందు ఎవరికి చెప్పావు?"

"మీకే."

"వాడికి?"

"ఇంకా లేదు."

జూన్‌లో తెరిచాడు టెరెల్ తన సొంత షాపు. కుర్చీలు తనే బిగించుకున్నాడు. గోడకి రంగు తనే వేసుకున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ అనలేదు. టాప్ వంగి మోకాలు రుద్దుకున్నాడు.

"ఫిబ్రవరిది ఏడు నెలలు దాచావు," అన్నాడు నెమ్మదిగా. "దీన్ని ఏడు నిమిషాలు కూడా దాచకు."

"దాచను."

ఆవరణ గేటులోంచి టెరెల్ ట్రక్కు దూసుకొచ్చి, రెండు గీతల మధ్య వంకరగా ఆగింది. షాపు మూసేసి వచ్చినట్టున్నాడు. ఏప్రాన్ కూడా విప్పలేదు, దాని మీద ఎవరివో వెంట్రుకలు. దిగుతూనే సగం పరుగు, సగం నడక. మాక్సీన్ మొహం చూసి, అక్కడే అర్థమైపోయి, రెండు చేతులూ గాలిలోకి ఎత్తాడు. కౌగిలించుకోబోయి, నీలం కోటు చూసి, ఏప్రాన్ చూసుకుని, ఆమె తల మీద మాత్రం ముద్దు పెట్టాడు.

"సార్జెంట్ గేథర్," అన్నాడు. "మేడమ్ అనాలా?"

"మేడమ్ ఆఫీసర్లకి. సార్జెంట్ చాలు," అన్నాడు టాప్.

"చెప్పాను కదా డాడీ, నెగ్గుతుందని." టెరెల్ తండ్రి వంక తిరిగాడు, మళ్ళీ పెళ్ళాం వంక తిరిగాడు. అప్పుడు కళ్ళు పెద్దవయ్యాయి. "ఆగండి. నేను వచ్చేసరికి మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు. నేను లేకుండానే."

టాప్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"హమ్మయ్య, నా ఉద్యోగం పోయింది," అని నవ్వాడు. ఆ నవ్వు అలా కొంచెంసేపు ఒంటరిగా నిలబడింది. తండ్రి చేతిలో మడిచిన కాగితం అప్పుడు చూశాడతను. "ఏంటది?"

టాప్ ఆ కాగితం కొడుక్కి ఇవ్వలేదు. కోడలికి తిరిగి ఇచ్చి, కారు చుట్టూ కుంటుకుంటూ వచ్చి, ఆమె పక్కన నిలబడ్డాడు.

"టెరెల్," అంది మాక్సీన్.